బి పాజిటివ్ సమ్మయ్య

సారపాక

ఖమ్మం ఖానాపురం హవేలిల ఉండే రక్తదాతల సంఘం హేమలత మేడమ్ గారికి, సారపాకల బట్టలు కుట్టుకొని బతికే సమ్మయ్య నమస్కారం చేసి రాసేది.

మేమిక్కడ బాగున్నం, మీరక్కడ బాగున్నరని తలుస్త అని రాయాలె. గని మేమిక్కడ బాగలేము మేడమ్. అందుకే రాస్తున్న.

మీరు బూర్గంపాడు బడిల రక్తదాన శిబిరం పెట్టిన రోజు నేను వచ్చిన. మీకు యాదికుండదు. లైన్ల ఆఖరి మనిషిని. వేలు గుచ్చి చూసి బి పాజిటివ్ అన్నరు. రక్తం ఇచ్చిన. అరటిపండు ఇచ్చిండ్రు, తిన్న. మీరు పేరు, ఫోన్ నంబరు అడిగి లాప్‌టాప్‌ల కొట్టుకున్నరు. "ఎవరికన్నా అవసరం పడితే మా సాఫ్ట్‌వేర్‌లో గ్రూపు కొడతారు, మీ పేరు వస్తుంది. ఎప్పుడో ఒకసారి ఫోన్ రావచ్చు" అన్నరు.

ఎప్పుడో ఒకసారి కాదు మేడమ్. పొద్దున లేస్తే చర్ల నుంచి, గుండీలు కుడుతుంటే మణుగూరు నుంచి, అన్నం ముందు కూసుంటే అశ్వాపురం నుంచి. అందరిదీ ఒక్కటే మాట, "బి పాజిటివ్ సమ్మయ్యేనా?" నేను ఇచ్చి నెలన్నా కాలే, మూడు నెలలదాక మళ్ల తీసుకోరు అని చెప్తే అవుతలోళ్లు ఏడుస్తరు. ఏడ్సేటోళ్ల ఫోన్ ఎట్ల పెట్టేయాలె? మిషన్ ఆపి, తెలిసినోళ్లందరికి ఫోన్లు చేసి, నీ గ్రూపేంది నీ గ్రూపేంది అని అడుగుతున్న. బడిపిల్లల యూనిఫారాలు ఎక్కడియక్కడ ఉన్నయి. మొన్న ఒక చొక్కాకు రెండు చేతులూ ఒక్క పక్కకే కుట్టిన.

ఇంట్ల ఇంకో పరేషాన్. మాకు పెండ్లయి ఏడాది కాలే. ఫోన్ల ఎవరో ఆడమనిషి ఏడుసుకుంట "సమ్మయ్యా, నువ్వు తప్ప నాకెవరు లేరు" అంటది. నేను "ఇప్పుడు కాదమ్మా, ఇంకో రెండు నెలలు ఆగు" అంట. మా యశోద పక్కనే ఉండి వింటది. మేడమ్, ఆమె ఏమనుకోవాలె?

ఇగ తట్టుకోలేక ఫోన్ బంద్ చేసి బియ్యం డబ్బాల పెట్టిన. గని మనసు నిలుస్తలేదు. ఎవరు చేస్తున్నరో, ఎవరి పానం మీదికొచ్చిందో అని పూటకోసారి డబ్బా మూత తీసి చూస్తున్న. నా నంబరు ఒక్కటే ఎందుకు వస్తున్నదో జర చూడుండ్రి.

ఇట్లు,
సమ్మయ్య, టైలర్

తా.క.: జవాబు ఉత్తరంలనే రాయుండ్రి. ఫోన్ చేస్తే బియ్యం ఎత్తదు.

*

ఖానాపురం హవేలి, ఖమ్మం

గౌరవనీయులైన సమ్మయ్య గారికి, హేమలత నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా సంఘం సమావేశంలో పైకి చదివాను. "నువ్వు తప్ప నాకెవరూ లేరు" అన్న మాట దగ్గర ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఎంతమందికి దక్కుతుందండీ ఆ మాట వినే భాగ్యం!

మీరు అడిగారు కాబట్టి సాఫ్ట్‌వేర్ కూడా పరీక్షించాను. అది నేనే రాశాను. పగలు ఆఫీసు పని, ఇంటికొచ్చాక వీడియోలు చూసి పైథాన్ నేర్చుకుని, మొదటిసారి సొంతంగా తయారుచేసింది. అందుకే మీరు అనుమానం రాయగానే నా గుండె ఝల్లుమంది. వెంటనే తెరిచి బి పాజిటివ్ అని కొట్టాను. టక్కున మీ పేరు వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ మీరే. ఎన్నిసార్లు కొట్టినా మీరే, ఇంకెవరూ రావడం లేదు. ఏ లోపమూ లేదు, చక్కగా పనిచేస్తోంది. నాకు నిద్ర పట్టింది.

మీ సేవకు గుర్తుగా ప్రశంసాపత్రం పంపుతున్నాం. అద్దం కట్టించి షాపులో పెట్టుకోగలరు.

ఇట్లు,
హేమలత

తా.క.: ప్రశంసాపత్రం మీద మీ ఫోన్ నంబరు పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాం. ఫోటో తీసి మన వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాం. అవసరమైనవాళ్లకు ఇంకా తేలిగ్గా దొరుకుతారు.

*

సారపాక

హేమలత మేడమ్ గారికి, సమ్మయ్య దోమతెర లోపల కూసుండి రాసేది.

"ఎన్నిసార్లు కొట్టినా మీరే, ఇంకెవరూ రావడం లేదు" అని మీరు రాసిన ముక్క నేను మూడుసార్లు చదివిన, యశోద ఐదుసార్లు చదివింది. ఇద్దరికీ అర్థమైంది. ఈ దిక్కు మొత్తంల బి పాజిటివ్ రక్తం ఉన్నది నాకొక్కనికే.

ఇన్ని రోజులు ఈ సంగతి తెలవక బేఫికర్‌గ తిరిగిన మేడమ్. బండి మీద కిన్నెరసాని దాక పోయొచ్చిన. చెట్టెక్కి చింతకాయలు తెంపిన. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తది.

నన్ను అనుమానం జేసిన మనిషే ఇప్పుడు నన్ను గుడ్డుతీరుగ చూసుకుంటున్నది. బండి తాళం దాచింది. చాకు ముట్టనిస్తలేదు. కత్తెర సుత ముట్టనిస్తలేదు. "తెగితే ఎట్ల? ఒక్క సుక్క పోయినా ఎవరిదో పానం పోయినట్టే" అంటది. బట్ట ఆమే కత్తిరిస్తున్నది. ఆమెకు కత్తిరించుడు రాదు. మిల్లుల పనిచేసే ఒకాయన ప్యాంటు మోకాళ్ల దాకనే వచ్చింది. ఆయన మంచోడు, ఎండాకాలం గదా పోనీ అన్నడు.

దోమలకు కూడ ఇయ్యొద్దని పగటిపూటే మిషన్ చుట్టు దోమతెర కట్టింది. కొలతలిచ్చేటోళ్లు తెర బయట నిలబడితే నేను లోపలి నుంచి టేపు పట్టి చూస్తున్న. పొద్దున బీట్‌రూట్, పగలు తోటకూర, పొద్దుమూకితే మళ్ల బీట్‌రూట్.

నవ్వకుండ్రి. నాకు నవ్వొస్తలేదు. సోమవారం నాడు చర్ల అవుతల నుంచి ఒకాయన ఫోన్ చేసిండట, కలవకపోతే మెసేజ్ పెట్టిండు. పేరు శివ. ఫోన్ బియ్యంల ఉండె. మాపటికి తీసి చూసి నేను మళ్ల చేస్తే, అక్కడ సిగ్నల్ లేదో ఏమో, కలుస్తలేదు. ఎవరికి అవసరముండెనో, ఏమాయెనో తెలుస్తలేదు. అన్నం దిగుతలేదు మేడమ్. నేను ఒక్కన్నే అయినప్పుడు, నేను ఎత్తకపోతే ఎవరెత్తుతరు?

ఇట్లు,
సమ్మయ్య

తా.క.: నాకేమన్నా అయితే నా తర్వాత ఎవరని సర్కారుకు ఏమన్నా ఆలోచన ఉన్నదా? మీకు తెలిస్తే రాయుండ్రి.

*

ఖమ్మం

సమ్మయ్య గారికి, నమస్కారం.

తొందరలో రాస్తున్నాను, రాత బాగా లేకపోతే మన్నించండి.

మా నాన్నకు ఉన్నట్టుండి ఆపరేషన్ పడింది. బి పాజిటివ్ కావాలన్నారు. నాకేం భయం, నా సాఫ్ట్‌వేర్ ఉందిగా అని గర్వంగా తెరిచాను. మీ పేరొక్కటే వచ్చింది. ఫోన్ చేస్తే స్విచాఫ్. మళ్లీ కొట్టాను, మళ్లీ మీరే. అదే తెర, అదే పేరు. ఆరోజు దాన్ని చూసి నిద్రపోయాను, ఈరోజు దాన్ని చూసి ఆసుపత్రి బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాను. వాళ్ల దగ్గర నిల్వ ఉండబట్టి గండం గడిచింది. నాన్న క్షేమం.

ఇంటికొచ్చి చూస్తే విషయం తెలిసింది. తప్పంతా నాదే. ఆరోజు శిబిరానికి నలభై మంది దాకా వచ్చారు. ఇప్పుడు చూస్తే మొత్తం ఐదుగురే ఉన్నారు. కంప్యూటర్‌లో డిక్షనరీ అని ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో కీ దగ్గర ఒక్క వాల్యూనే పెట్టాను. గ్రూపు పేరు కీ, మనిషి వాల్యూ. కొత్త మనిషి రాగానే అంతకుముందు ఉన్న మనిషి పోయారు. వాళ్ల తర్వాత ఇంకొకరు రాగానే వాళ్లూ పోయారు. నేను కళ్లెదుట కూర్చునే ఉన్నాను, ఒక్కొక్కరే పోతుంటే నాకు తెలియలేదు. మీకు ముందున్న బి పాజిటివ్ వాళ్లందరూ పోయారు సమ్మయ్య గారూ. చివరికి మిగిలింది మీరొక్కరే.

ఈ విషయం ఇంకా బయట ఎవరికీ చెప్పలేదు. ఆరోజు లైన్‌లో మీ ముందు ఎవరెవరు నిలబడ్డారో గుర్తుంటే, దయచేసి వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి రాయండి.

ఇట్లు,
హేమలత

తా.క.: మీ వెనకాల ఇంకొక్క బి పాజిటివ్ మనిషి నిలబడి ఉంటే మీరూ పోయేవారు. దేవుడి దయ.

*

సారపాక

హేమలత మేడమ్‌కు, ఇది రాసేటప్పటికి బతికే ఉన్న సమ్మయ్య రాసేది.

మీ ఉత్తరం చదివి యశోదకు సోయి తప్పింది. నీళ్లు చల్లి లేపితే, నన్ను పట్టుకొని "ఆఖరికి నిలబడి మంచి పని చేసినవయ్యా" అని ఏడ్సింది. అరటిపండుల ఏమన్నా ఉండెనా అని నాకు ఒకటే గుబులు. నేనూ తిన్న గదా. ఒక్కరికే వాల్యూ ఇచ్చి మిగిలినోళ్లను పోనిస్తరా మేడమ్?

లైన్ల నా ముందు నిలబడ్డది ట్రాలీ ఆటో రామ్‌సింగ్. బూర్గంపాడు పక్కన తండాల ఉంటడు. ఆరోజు "బి పాజిటివ్, బి పాజిటివ్, ఇద్దరం ఒక్కటే" అని నా భుజం మీద చెయ్యేసిండు. అసుంటోడు పోయిండా అని గుండె పట్టుకొని, ఒక పూలదండ తీసుకొని పోయిన.

దూరం నుంచే ఇంటి ముంగట షామియానా కనబడ్డది. కుర్చీలేసి ఉన్నయి. మంది కూసున్నరు. ఇగ అయిపోయింది అనుకున్న. ఎట్లనో పోయి వాళ్లమ్మ మోతీ కాళ్ల మీద పడి బోరున ఏడ్సిన. ఆమె నన్ను ఎన్నడూ చూడలే. అయినా ముసలామె, ఒకరు ఏడిస్తే ఊకుంటదా, ఆమే ఏడ్సింది. ఆమెను చూసి ఆడోళ్లందరు అందుకున్నరు. లోపలి నుంచి రామ్‌సింగ్ చేతిల గరిటెతోని ఉరికొచ్చి, "ఏమైంది, ఎవరు పోయిండ్రు సమ్మన్నా?" అన్నడు.

నేను ఆయన దిక్కే వేలు చూపించిన.

షామియానా వాళ్ల తమ్ముని లగ్గానికి వేసిండ్రట మేడమ్. దండ ఉత్తగ పోవద్దని పెండ్లిపిల్లగాని మెడల వేసిన. మీ ఉత్తరం చూపిస్తే రామ్‌సింగ్ రెండుసార్లు చదివి, తన చెయ్యి తనే గిచ్చుకొని, "నాకు ఒక్క ఫోన్ రాలే అన్నా. పోయిన అనే రాలేదా?" అన్నడు.

ఇగ ఇద్దరం ట్రాలీ వేసుకొని మిగిలినోళ్ల ఇండ్లకు పోయినం. లైన్ల ఎవరి ముందు ఎవరున్నరో వాళ్లను అడుక్కుంట పోతే, ఒకరి వెనక ఒకరు దొరికిండ్రు. తలుపు కొట్టుడు, "బతికున్నవా?" అని అడుగుడు. అశ్వాపురం సంతోష్ "ఎందుకు, మీకేమన్నా కావాలెనా?" అని కర్ర తీసిండు. అందరూ బతికే ఉన్నరు. అందరివి పేర్లు, నంబర్లు, గ్రూపులు రామ్‌సింగ్ ఫోన్ల ఉన్నయి, మీకు పంపిస్తడు.

మరి పోయింది ఎవరు మేడమ్?

చర్ల అవుతలి శివ మళ్ల ఫోన్ చేసిండు. రక్తం కావాల్సింది ఆయన పెండ్లానికేనట, పేరు జంపక్క. నెలలు నిండుతున్నయట. రక్తం తక్కువుందని దవాఖానల చెప్పంగనే భయపడి, కనబడ్డ నంబరుకల్లా ఫోన్ కొట్టిండట, గ్రూపు కూడ చూడలే. ఇప్పటికి మందు బిళ్లలు ఇచ్చి పంపిండ్రు. ఆ మాట విన్నంక ముద్ద దిగింది.

ఇట్లు,
సమ్మయ్య

తా.క.: రామ్‌సింగ్ పోలేదని మీరు సంఘం ముద్ర గుద్ది ఒక కాగితం పంపాలె. వాళ్లమ్మకు నమ్మకం కుదురుతలేదు. ఎదురుంగ కూసుండబెట్టి చూపించినా ఏడుస్తనే ఉన్నది.

*

ఖమ్మం

సమ్మయ్యన్నయ్యకు, మీ చెల్లెలు హేమలత రెండు చేతులూ జోడించి రాసేది.

పోయారంటే చనిపోయారని కాదన్నయ్యా! నా కంప్యూటర్‌లోంచి పోయారు. వాళ్ల పేర్లు పోయాయి. మనుషులకేమీ కాలేదు. అరటిపండ్లు మంచివే, నేనూ రెండు తిన్నాను. మీ ఉత్తరం చదువుతూ నవ్వాలో ఏడవాలో తెలియక మా ఇంట్లోవాళ్లను హడలగొట్టాను.

ఈసారి మీ షాపు భాషలోనే చెబుతాను. గోడకు ఎనిమిది కొక్కేలు కొట్టాననుకోండి. ఒక్కో గ్రూపుకు ఒక్కోటి. కొక్కేనికి ఒక్క చొక్కా పట్టేట్టు చేశాను. కొత్త చొక్కా తగిలించినప్పుడల్లా పాతదాన్ని తీసి అవతల పారేసింది నా సాఫ్ట్‌వేర్. అందరికంటే చివర తగిలించిన చొక్కా మీరు. ఏ పాజిటివ్ కొక్కేనికి మిగిలినావిడ ఫోన్లు పడలేక సిమ్మే మార్చేసిందట. మీరు బియ్యంలో పెట్టారు, అంతే తేడా.

ఇప్పుడు కొక్కేనికి సంచి తగిలించాను. ఎంతమంది వచ్చినా అదే సంచిలో పడతారు, ఎవరూ పోరు. రామ్‌సింగ్ గారు పంపిన పేర్లన్నీ ఎక్కించాను. ఇకమీద ఎవరైనా రక్తం అడిగితే ఆ గ్రూపు సంచిలో ఉన్న అందరికీ ఒకేసారి మెసేజ్ వెళుతుంది. బరువంతా మీ ఒక్కరి మీదే ఉండదు. బి పాజిటివ్ కొట్టి చూశాను. పేర్లు ఒకదాని కింద ఒకటి అలా వస్తూనే ఉన్నాయి, వస్తూనే ఉన్నాయి! సంతోషంతో కళ్లు మసకబారి లెక్కపెట్టలేకపోయాను.

దోమతెర తీసేయమనండి. బి పాజిటివ్ మన దగ్గర వీధికి పదిమందికి ఉంటుంది. యశోద వదినకు నా క్షమాపణలు. ఫోన్ మాత్రం తెరిచి ఉంచండి.

ఇట్లు,
మీ చెల్లెలు హేమలత

తా.క.: ఒట్టు, ఈసారి గట్టిగా పరీక్షించాను. ఒక్క బి పాజిటివే, కానీ చాలాసార్లు.

*

సారపాక

చెల్లె హేమలతకు, సమ్మయ్యన్న దీవించి రాసేది.

ఇంత పెద్ద ఉత్తరం మళ్ల రాయను, ఓపికతోని చదువు.

గురువారం పగలు నా ఫోన్ల మెసేజ్ పడ్డది. "ఓ నెగెటివ్ అర్జెంటు, భద్రాచలం దవాఖానా." నాది బి గదా, నాకెందుకొచ్చిందని అనుకుంటున్న. అంతల రామ్‌సింగ్ ట్రాలీ వాకిట్ల ఆగింది. ఆయనకూ వచ్చిందట. ట్రాలీల అప్పటికే సంతోష్, ఇంకా చానమంది ఉన్నరు. అందరికీ వచ్చిందట. చెల్లె పిలిచిందంటే ఏదో ఉంటది, పోదాం పదుండ్రి అన్న. యశోద కూడ చెప్పులేసుకొని ఎక్కింది. నువ్వెందుకే అంటే, "నీకు మూడు నెలలు నిండలే. మొహమాటానికి చెయ్యి చాపుతవు, నాకు తెలుసు" అన్నది.

దవాఖానకు పోతే మా ముందే ఇంకో ఆటో నిండ వచ్చి ఉన్నరు. శిబిరం అంతా అక్కడ్నే. సిస్టరమ్మ మమ్మల్ని చూసి చాన సంబరపడ్డది. లైన్ల నిలబెట్టి అడుగుకుంట వచ్చింది. నీదేంది? బి. నీదేంది? ఏ. నీదేంది? ఓ. ఓ ఏంది? ఓ పాజిటివ్. ఆఖరు మనిషి దాక పోయింది. ఒక్కరంటే ఒక్కరు ఓ నెగెటివ్ లేరు. "ఇంతమంది వచ్చి ఒక్కరు లేరా? ఏంటయ్యా, జాతరకొచ్చారా?" అని గట్టిగ అరిచింది. ఆమె తప్పు కాదు. లోపల బాలింత ఉన్నది. కాన్పైంది, రక్తం ఆగుతలేదు. ఆ గ్రూపు ఎక్కడ్నో గని దొరకదట. ఖమ్మం నుంచి రావాలంటే పొద్దుగూకుతది.

ఆ బాలింత ఎవరనుకున్నవు? మన జంపక్క. తలుపు దగ్గర శివ నిలబడి ఉన్నడు. ఆయన మొఖం చూడలేకపోయిన చెల్లె. ఇంతమందిమి తన కోసమే వచ్చినమని, ఒక్కొక్కరి ముందుకొచ్చి చేతులు జోడిస్తున్నడు. మాలో ఎవ్వరిదీ పనికిరాదని ఆయనకింకా చెప్పలే. నేను ఒక్కన్నే ఉన్ననాడు అంత భయం కాలే. ఇంతమందిమి ఉండి ఉత్తచేతులతోని నిలబడ్డప్పుడే భయమైంది.

రామ్‌సింగ్ నీకు ఫోన్ చేసిండు గదా, నువ్వు లాప్‌టాప్ తెరిచి చూసి ఏడ్సినవట. సంచులు ఎనిమిది అనుకున్నవు గని, ఒక్కటే సంచిని ఎనిమిది కొక్కేలకూ తగిలించినవట. ఏ కొక్కెం పట్టి లాగినా అందరం పడుతున్నమట. సరే, అది అయిపోయిన ముచ్చట.

సిస్టరమ్మ ఇగ అందరినీ పొమ్మనుకుంట, గోడ మూలకు చూసి "ఆ చీర కొంగు పట్టుకున్నామె, నువ్వు చెప్పలేదు, నీదేంటి?" అన్నది. యశోద ఏమన్నదో తెలుసా? "నేను ఇయ్యనీకి రాలే. ఈయన ఇయ్యకుండ చూడనీకి వచ్చిన" అన్నది. సిస్టరమ్మ ఊకోలే, వేలు పట్టి గుచ్చింది. మా యశోదకు వేలు గుచ్చుడు అదే మొదలు. ఆమె గ్రూపు ఆమెకే తెలవదు, మాకెవరికీ తెలవదు. లోపలికి పోయిన సిస్టరమ్మ ఉరుక్కుంట బయటికొచ్చింది.

ఓ నెగెటివ్.

యశోద నా దిక్కు చూసింది. నేను ఏమంటనో అని కాదు, నేను నిలబడే ఉన్ననా అని. "నొస్తదా?" అని మాత్రం అడిగింది. నొయ్యదు అన్న. పోయి పండుకొని చెయ్యి చాపింది. సంచి నిండుతుంటే నాకే కండ్లు తిరిగినయి. పక్క బల్ల మీద నన్ను పండబెట్టిండ్రు. సాయంత్రానికి జంపక్క కండ్లు తెరిచింది. ఆడపిల్ల. తల్లీపిల్లా ఇద్దరూ కులాసా.

ఇప్పుడు నా అసలు భయం చెప్తా. నువ్వు సంచులు సరిజేసి, యశోద పేరు కూడ ఎక్కించిన అని రామ్‌సింగ్‌కు ఫోన్ల చెప్పినవట. ఓ నెగెటివ్ సంచిల ఆమె ఒక్కతే ఉన్నదట గదా. ఇది నీ కంప్యూటర్ తప్పు కాదు, నిజంగనే ఒక్కతే, జంపక్క బాలింత, ఇప్పట్ల ఇయ్యరాదు. రేపు మాకూ పిల్లలు పుట్టాలె. యశోదకే అవసరం పడి నేను ఓ నెగెటివ్ అని కొడితే ఎవరి పేరు వస్తది? యశోద పేరే వస్తది. ఆమెకు నేను ఫోన్ చేసి ఏం చెప్పాలె?

అందుకని ఆగేది లేదు. వచ్చే ఆదివారం నేను, రామ్‌సింగ్, శివ ట్రాలీ వేసుకొని చర్ల రోడ్డు మీద ఊరూరు తిరుగుతం. నువ్వు వేళ్లు గుచ్చేటోళ్లను తీసుకొని జల్దీ రా. ఆమె పక్కన ఇంకొక్కరు దొరికేదాక నాకు కన్ను మూతబడదు.

ఇట్లు,
మీ అన్న సమ్మయ్య

తా.క.: శివ తన బిడ్డకు యశోద అనే పేరు పెడుతున్నడు. ఆ పిల్లదీ ఓ నెగెటివేనట. పెద్దగైనంక ఆమె పేరూ ఎక్కిస్తవు గదా. ఒకే గ్రూపుల ఒకే పేరుతోని ఇద్దరుంటే నీ కంప్యూటర్ తట్టుకుంటదా? ఇంకా పద్దెనిమిదేండ్లు టైమున్నది, ఇప్పటి సందే చూసుకో.